ద్రాక్ష తోటల సమ్మె ఒక్క నాయకుడి కథేనా?

ప్రశ్న: నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. సెమినార్ కోసం అమెరికాలో వ్యవసాయ కూలీలు సంఘాలు పెట్టుకున్న చరిత్రను ఎంచుకున్నాను. ఎక్కడ చదివినా ఒకటే కథ. సీజర్ చావెజ్ అనే నాయకుడు వచ్చాడు, నిరాహార దీక్ష చేశాడు, జనం ద్రాక్షపళ్లు కొనడం మానేశారు, కూలీలు గెలిచారు. మా సార్ కూడా ‘అదే రాసెయ్యమ్మా, బాగుంటుంది’ అంటున్నారు. నాకేమో ఇంత తేలిగ్గా జరిగి ఉంటుందా అని అనుమానం. ఫ్యాక్టరీ కార్మికులకు 1935లోనే వచ్చిన సంఘం హక్కు వీళ్లకెందుకు రాలేదు? అంత పెద్ద గెలుపు తర్వాత ఆ సంఘం ఎందుకు చిక్కిపోయింది? ఇవన్నీ పెడితే పేపరు చెదిరిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. దేని చుట్టూ రాయమంటారు?
– ఒక విద్యార్థిని

సమాధానం: మీ అనుమానం సరైనదే. అలాగని మీ సార్ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. దీక్ష జరిగింది, జనం ద్రాక్ష మానెయ్యడమూ జరిగింది. కాకపోతే దీక్ష మొదలైంది 1968 ఫిబ్రవరిలో, సమ్మె మొదలైంది 1965 సెప్టెంబరులో. సమ్మెలోకి అందరికన్నా ముందు దిగిన సంఘం చావెజ్‌ది కానే కాదు. దీక్ష దగ్గర కథ ఎత్తుకుంటే, అప్పటికే రెండున్నరేళ్లుగా రోడ్డు మీద నిలబడ్డ మనుషులు మీ పేపర్లోకి రానే రారు.

మనిషి చుట్టూ కాకుండా ఒక ప్రశ్న చుట్టూ రాయండి. పంట కోతకొచ్చిన రోజున యజమాని ఎన్నాళ్లు ఆగగలడు, కూలీ ఎన్నాళ్లు ఆగగలడు? ఈ నూరేళ్ల చరిత్రలో చాలా భాగం ఈ లెక్క మీదే నడిచింది. మీరడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఇందులోనే దొరుకుతుంది, పేపరూ చెదరదు.

ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే యంత్రం ఆగుతుంది, రాజీ కుదిరాక మళ్లీ తిరుగుతుంది. తోటలో పండిన పండు ఎవరి కోసమూ ఆగదు. తినే ద్రాక్షనే చూడండి. గుత్తిని కత్తెరతో కొయ్యాలి. మెత్తబడ్డ పళ్లను, పగిలిన పళ్లను ఒక్కొక్కటీ తుంచి పారెయ్యాలి. నలగకుండా పెట్టెలో సర్దాలి. ఎండకు వాడకముందే చల్లటి గోదాముకు చేర్చాలి. వారం రోజులు మనుషులు రాకపోతే ఏడాది పెట్టుబడి తీగ మీదే కుళ్లిపోతుంది. ఇంతవరకు చూస్తే కూలీదే పైచేయి అనిపిస్తుంది. కాని కూలీకి ఏడాది సంపాదనలో పెద్ద వాటా వచ్చేదీ ఆ కొద్ది వారాల్లోనే. తనకు బలం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే అవసరం కూడా ఎక్కువ. పైగా ఉండేది యజమాని క్యాంపులో, తెచ్చుకున్నది మేస్త్రీ దగ్గర అప్పు. పనికి వెళ్లకపోతే కూలి డబ్బులతో పాటు పడుకునే చోటు కూడా పోతుంది.

యజమానులకు ఈ లెక్క బాగా తెలుసు. ఒక జాతి కూలీలు ఎదురు తిరిగితే ఇంకో జాతివాళ్లను దించేవారు. చైనావాళ్ల తర్వాత జపాన్‌వాళ్లు, ఆ తర్వాత మెక్సికన్లు, ఫిలిప్పీన్స్‌వాళ్లు. కాలిఫోర్నియా పొలాల్లో వందేళ్ల పాటు కూలీలు మారడం వెనక కరువులు, యుద్ధాలు ఎంత ఉన్నాయో ఈ ఎత్తుగడా అంతే ఉంది.

అందుకే మీ పేపరు 1903లో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో మొదలుపెట్టమంటాను. అక్కడ చక్కెర బీట్ దుంప పొలాలు. కూలీలను తెచ్చే కాంట్రాక్టు కంపెనీ ఒకటే. ఆ కంపెనీ ఎకరాకిచ్చే రేటు కోసింది, సరుకులు తన దుకాణాల్లోనే కొనమంది. జపాన్ కూలీలు, మెక్సికన్ కూలీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, మీటింగుల్లో ప్రతి మాటా తర్జుమా చేసుకోవాల్సిందే. సమ్మెలో ఒక మెక్సికన్ కూలీ కాల్పుల్లో చనిపోయాడు. అయినా నిలబడ్డారు, రేటు పైకి తెచ్చుకున్నారు. ఆ తర్వాత జరిగిందే అసలు సంగతి. దేశంలోని పెద్ద కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్‌లో చేర్చుకోమని వాళ్లు దరఖాస్తు పెట్టారు. సమాఖ్య అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. చైనావాళ్లను గానీ జపాన్‌వాళ్లను గానీ సభ్యులుగా తీసుకోకూడదన్నాడు. సంఘం కార్యదర్శి లిజారస్ మెక్సికన్. తనవాళ్లను మాత్రం గట్టెక్కించుకునే అవకాశం చేతికొచ్చినా, ఆ షరతుతో గుర్తింపు మాకొద్దని జవాబు రాశాడు. అండ లేని ఆ సంఘం కొద్దికాలానికే కనపడకుండా పోయింది. ఇలా పోయిన సంఘాలను ఓడిపోయిన సంఘాల లెక్కలో వేసి వదిలెయ్యకండి. 62 ఏళ్ల తర్వాత డెలానోలో, అంటే ద్రాక్ష సమ్మె మొదలైన ఊళ్లో, జరిగింది అర్థం కావాలంటే ఇది కావాలి.

1933 అక్టోబరు పత్తి తీత సమ్మెను మాత్రం ఒక పేజీలో తేల్చెయ్యవచ్చు. కాలిఫోర్నియాలోనే శాన్ వాకీన్ లోయలో సుమారు 18,000 మంది పని ఆపారు. వంద పౌండ్ల పత్తి తీస్తే 60 సెంట్లు ఇస్తామని యజమానులు, డాలరు కావాలని కూలీలు. క్యాంపుల్లోంచి కుటుంబాలను సామాన్లతో సహా రోడ్డు మీదకు ఈడ్చారు. వాళ్లు కార్కొరన్ ఊరి పక్కన పొలంలో గుడారాలు వేసుకుని వేలమంది అక్కడే ఉన్నారు. పిక్స్‌లీ అనే ఊళ్లో సంఘం ఆఫీసు దగ్గర మీటింగు నుంచి వస్తున్న కూలీల మీద యజమానులు తుపాకులు పేల్చితే ఇద్దరు చనిపోయారు. చివరికి ప్రభుత్వం మధ్యలో పడి 75 సెంట్లకు రాజీ చేసింది. రేటు పెరిగింది కాని, సంఘాన్ని ఎవరూ గుర్తించలేదు. మరుసటేడు నాయకులను రాజద్రోహం లాంటి కేసుల్లో జైల్లో వేశారు. సంఘం అక్కడితో సరి. పైసలు వచ్చాయి, ఒప్పందం రాసిన కాగితం రాలేదు. కాగితం లేకపోతే వచ్చే ఏడు మళ్లీ మొదటికే.

ఇక మీ మొదటి ప్రశ్న. 1935లో వచ్చిన వాగ్నర్ చట్టం కార్మికులకు సంఘం పెట్టుకునే హక్కు, యజమానితో బేరమాడే హక్కు ఇచ్చింది. అందులో ‘ఉద్యోగి’ అంటే ఎవరో చెప్పే చోట వ్యవసాయ కూలీలను, ఇళ్లల్లో పనిచేసేవాళ్లను మినహాయించారు. 1938లో కనీస వేతనాల చట్టం వచ్చినప్పుడూ పొలం పనివాళ్లను బయటే ఉంచారు. పంట పాడైపోతుంది కాబట్టి పొలంలో సమ్మె కుదరదన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణం ఓట్ల లెక్క. రూజ్వెల్ట్ చట్టాలు నెగ్గాలంటే దక్షిణాది రాష్ట్రాల డెమోక్రాట్ల మద్దతు కావాలి. ఆ రాష్ట్రాల్లో పత్తి పొలాల్లోనూ, ఇళ్లల్లోనూ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. వాళ్ల చేతికి బేరమాడే హక్కు వస్తే ఏమవుతుందో ఆ నాయకులకు తెలుసు. కాలిఫోర్నియా తోటల యజమానులకూ ఇదే కావాలి. ఇద్దరి అవసరమూ ఒక్క మినహాయింపుతో తీరిపోయింది. ఆ మినహాయింపు జాతీయ చట్టంలో ఇవాళ్టికీ ఉంది. ఎవరైనా మార్చుకున్నారంటే రాష్ట్రాల స్థాయిలో మార్చుకున్నారు, న్యూయార్క్ అయితే 2019 దాకా మార్చలేదు.

ఒక్క చోట కథ వేరేగా నడిచింది. హవాయి చెరకు తోటల్లో కూడా ఒక జాతి తర్వాత ఇంకో జాతి విడివిడిగా సమ్మె చేసి ఓడిపోయింది. 1909లో జపాన్‌వాళ్లు, 1924లో ఫిలిప్పీన్స్‌వాళ్లు. ఆ 1924 సమ్మెలో హనపేపే దగ్గర 16 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 1945లో హవాయి సొంత చట్టం చేసి పొలం కూలీలకు కూడా సంఘం హక్కు ఇచ్చింది. మరుసటేడే అన్ని జాతులూ కలిసి ఒకే సంఘంగా సుమారు 26,000 మంది 79 రోజులు సమ్మె చేసి గెలిచారు. తోటల్లోనే కాపురాలు, ఏడాది పొడవునా పని, అందరికీ కలిపి వంటలు. సమ్మె రోజుల్లో వేటకీ చేపలకీ మనుషుల్ని పంపి తిండి సమకూర్చుకున్నారు. కాలిఫోర్నియా కూలీకి ఇలాంటి వీలు లేదు. అతనికి మేలో ఒక ఊరు, సెప్టెంబరులో ఇంకో ఊరు.

పైగా కాలిఫోర్నియాలో యజమాని చేతిలో మరో ఆయుధం ఉండేది. 1942 నుంచి 1964 దాకా మెక్సికో నుంచి ‘బ్రసేరో’ అనే పథకం కింద కాంట్రాక్టు కూలీలను ప్రభుత్వమే తెచ్చి ఇచ్చింది. ఆ 22 ఏళ్లలో నలభై లక్షలకు పైగా కాంట్రాక్టులు జరిగాయి. నోరెత్తితే వెనక్కి పంపేస్తారు. అలాంటి మనుషులు పక్కన సిద్ధంగా ఉంటే స్థానిక కూలీ ఎన్ని రోజులు ఆగినా యజమానికి లెక్కలేదు. పథకం 1964 డిసెంబరు ఆఖరున ఆగింది. డెలానో సమ్మె 1965లో ఎందుకు వచ్చిందంటే సగం జవాబు ఈ తేదీలోనే ఉంది. నాయకుడి జీవిత చరిత్రలో దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మీరు అక్కడ ఆగండి.

1965 వేసవి మొదట్లో దక్షిణాన కొచెల్లా లోయలో ద్రాక్ష ముందు పండింది. ఫిలిప్పీన్స్ కూలీలు గంటకు డాలరు 40 సెంట్లు అడిగి సాధించుకున్నారు. పంటతో పాటు ఉత్తరానికి డెలానో వచ్చేసరికి అక్కడి యజమానులు అంతకన్నా తక్కువే ఇస్తామన్నారు. సెప్టెంబరు 7 రాత్రి ఫిలిప్పినో కమ్యూనిటీ హాల్లో కూర్చుని సమ్మెకు ఓటేశారు, మర్నాడు పనికి పోలేదు. వాళ్ల సంఘం పేరు ఏడబ్ల్యూఓసీ, నాయకుడు లారీ ఇట్లియాంగ్. వాళ్లెవరో మీ పేపర్లో ఒక పేరా రాయండి. 1920ల్లో, 30ల్లో కుర్రాళ్లుగా వచ్చి అప్పటికి ముసలివాళ్లయినవాళ్లు. తెల్లవాళ్లను పెళ్లాడకూడదని కాలిఫోర్నియా చట్టం 1948 దాకా ఉంది, సొంత దేశం ఆడవాళ్లు అక్కడ బహు తక్కువ. అందుకని చాలామంది పెళ్లిళ్లు లేకుండా క్యాంపుల్లోనే ఉండిపోయారు. ఆ క్యాంపుల్లోనే కూర్చుని సమ్మె చేస్తే యజమానులు నీళ్లు, కరెంటు, గ్యాస్ ఆపేశారు. తర్వాత మనుషుల్ని వెళ్లగొట్టారు.

ఇప్పుడు ఆక్స్‌నార్డ్‌ను గుర్తుచేసుకోండి. ఫిలిప్పీన్స్‌వాళ్లు బయటికొస్తే యజమాని మెక్సికన్లను దించుతాడు, ఇది పాత ఆట. ఇట్లియాంగ్ చావెజ్ దగ్గరకు వెళ్లి మీరూ రండి అన్నాడు. చావెజ్ సంఘం 1962లో పుట్టింది. ఇంటింటికీ తిరిగి సభ్యులను చేర్చుకోవడం, నెలకు మూడున్నర డాలర్ల చందా, చావు ఖర్చులకు బీమా, చిన్న అప్పులిచ్చే పరపతి సంఘం, ఇవీ అప్పటిదాకా వాళ్ల పనులు. పెద్ద సమ్మెకు ఇంకా రెండు మూడేళ్లు పడుతుందని ఆయన అంచనా. ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 16న, చర్చి హాల్లో వాళ్లూ ఓటేసి కలిశారు. అదృష్టం కొద్దీ ఆ పరపతి సంఘాలు, ఆ బీమాలు ముందే ఉన్నాయి. అవి లేకపోతే ఆగగలిగే రోజులు పెరిగేవి కావు. చావెజ్‌ను పేపర్లోంచి తీసెయ్యమని నేననను. ఆయన దీక్ష కన్నా ఈ మూడేళ్ల చందాల పుస్తకం ఎక్కువ చోటు అడుగుతుందని మాత్రం అంటాను. అలాగే డొలోరెస్ హ్యూర్టా. ఆ సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి, యజమానుల లాయర్ల ఎదురుగా కూర్చుని మొదటి ఒప్పందాల బేరం నడిపింది ఆవిడే. చాలా కథల్లో ఆవిడ ఊరేగింపు ఫొటోలో మాత్రమే ఉంటుంది.

మరి పొలంలో సమ్మె గెలిచిందా? లేదు. ఈ మాట మీ పేపర్లో నిర్మొహమాటంగా రాయండి. మైళ్ల కొద్దీ తోటలు, పికెటింగ్ చేసేవాళ్లు రోడ్డు అంచున. తెల్లవారకముందే కార్లేసుకుని ఏ తోటలో పని జరుగుతోందో వెతుక్కుంటూ తిరిగేవారు. దొరికాక రోడ్డు మీంచి కేకలు వేసేవారు. మేస్త్రీ కూలీలను కేకలు వినపడనంత లోపలి సాళ్లలోకి తీసుకుపోయేవాడు. ‘వెల్గా’ అంటే స్పానిష్‌లో సమ్మె. ఆ మాట అరవకూడదని షెరీఫ్ ఆర్డరు వేస్తే, 1965 అక్టోబరులో ఒక రోజు కావాలనే అరిచి 44 మంది అరెస్టయ్యారు. అయినా కొత్త కూలీలు వస్తూనే ఉన్నారు, ద్రాక్ష కోతలు జరుగుతూనే ఉన్నాయి. యజమాని ఆగాల్సిన పనే పడలేదు.

లెక్క మారింది పొలం బయట. షెన్లీ కంపెనీకి ద్రాక్ష తోట చిన్న వ్యాపారం, అసలు వ్యాపారం మద్యం. సీసా మీద పేరుంటుంది, కాబట్టి ఆ సీసా కొనకండి అని చెప్పడం తేలిక. 1966 వసంతంలో కూలీలు డెలానో నుంచి రాజధాని శాక్రమెంటోకు సుమారు 300 మైళ్లు నడిచారు. ఆ నడక పూర్తికాకముందే షెన్లీ దిగివచ్చింది. ఆ ఆగస్టులో రెండు సంఘాలూ ఒకటయ్యాయి. కాని తినే ద్రాక్షకు పేరుండదు. జుమారా అనే అతి పెద్ద కంపెనీ మీద బహిష్కరణ పెడితే అది ఇతర కంపెనీల లేబుళ్లు అంటించుకుని సరుకు పంపేసింది. దాంతో 1968 జనవరిలో సంఘం ఒక మొండి నిర్ణయం తీసుకుంది. కాలిఫోర్నియా ద్రాక్ష ఏదీ కొనవద్దని పిలుపు ఇచ్చింది. ఒకళ్ల పేరుతో ఇంకొకళ్లు దాక్కునే వీలు పోయింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది, మీ సెమినార్లో తప్పకుండా చెప్పండి. 1947లో వచ్చిన టాఫ్ట్‌-హార్ట్‌లీ చట్టం ప్రకారం మామూలు కార్మిక సంఘాలు తమ గొడవతో నేరుగా సంబంధం లేని దుకాణాన్ని బహిష్కరించమని జనాన్ని అడగకూడదు. వ్యవసాయ కూలీలు 1935 చట్టంలోనే లేరు కదా, ఆ నిషేధమూ వాళ్లకు తగల్లేదు. ‘ఈ సూపర్‌మార్కెట్ ద్రాక్ష అమ్ముతోంది, లోపలికే వెళ్లకండి’ అని గుమ్మం ముందు నిలబడి చెప్పగలిగారు. హక్కు ఇవ్వకుండా బయట ఉంచిన చట్టమే ఈ దారి వదిలేసింది. ముప్పై ఏళ్ల క్రితం మినహాయింపు రాసినవాళ్లు ఇది ఊహించి ఉండరు.

నగరాలకు వెళ్లిన కూలీలకు, వాలంటీర్లకు తిండీ చోటూ కాక వారానికి ఐదు డాలర్లు చేతి ఖర్చు. ఎలిసెయో మెదీనా అనే కుర్రాడు ఇరవై ఒక్కేళ్ల వయసులో వంద డాలర్లు, ఒక సంచీడు బ్యాడ్జీలు, ఒక మనిషి పేరు పట్టుకుని షికాగో వెళ్లాడు. అంత పెద్ద ఊరు అతనికి పూర్తిగా కొత్త. చర్చిలకు, విద్యార్థుల దగ్గరకు, ఇతర యూనియన్ల ఆఫీసులకు తిరిగి తిరిగి షికాగోలో పెద్ద దుకాణాల అరల్లోంచి ద్రాక్షను తీయించాడు. ఇలాంటివాళ్లు పదుల నగరాల్లో ఉన్నారు. అటువైపు వియత్నాంలోని సైనికులకని రక్షణ శాఖ ద్రాక్ష కొనుగోళ్లు బాగా పెంచింది, అంటే ప్రభుత్వమే యజమాని ఆగగలిగే రోజులు పెంచింది. అయినా సరిపోలేదు. చావెజ్ 25 రోజుల దీక్ష, సెనేటర్ రాబర్ట్ కెనెడీ వచ్చి దాన్ని విరమింపజేయడం ఈ మధ్యలోనివే. విసిగిపోయిన సమ్మెవాళ్లలో కొందరు దెబ్బకు దెబ్బ అంటున్న సమయంలో వాళ్లను నిలపడానికి చేసిన దీక్ష అది. దాని విలువ అక్కడ ఉంది, ద్రాక్ష అమ్మకాలు పడిపోయింది మాత్రం గుమ్మాల ముందు నిలబడ్డవాళ్ల వల్ల.

1970 జులై 29న డెలానోలో పెద్ద యజమానులంతా వచ్చి సంతకాలు పెట్టారు. గంటకు డాలరు 80 సెంట్లు, పెట్టెకు 20 సెంట్లు. ఆరోగ్య నిధికి గంటకు 10 సెంట్లు. డీడీటీ లాంటి మందులు చల్లకూడదన్న షరతు. దేశమంతటా డీడీటీ వాడకం నిషేధించింది 1972లో, అంతకు రెండేళ్ల ముందే కూలీల ఒప్పందంలో అది ఉంది. మామూలు కథ ఇక్కడ ముగుస్తుంది. మీ రెండో ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది.

అంతకుముందు పనికి మనిషిని ఎంచుకునేది మేస్త్రీ. లంచం అడిగేవాడు, తనవాళ్లను పెట్టుకునేవాడు, ఆడవాళ్లను వేధించేవాడు. ఒప్పందం తర్వాత యజమాని ఎంతమంది కావాలో చెబితే సంఘం ఆఫీసు సీనియారిటీ ప్రకారం మనుషుల్ని పంపాలి. న్యాయంగానే ఉంది కదా! కాని ఒకే కారులో ఊరూరూ తిరిగే కుటుంబంలో తండ్రికి ఒక తోట, తల్లికి ఇంకో తోట వచ్చేది. పనిలేని నెలల చందా బాకీ కడితేగాని పనికి పంపే స్లిప్పు ఇచ్చేవారు కాదు. ఏళ్ల తరబడి ఒకే తోటకు ముఠాగా వెళ్లే ఫిలిప్పీన్స్ ముసలివాళ్లకు, మీ సీనియారిటీ తోటలో కాదు సంఘంలో లెక్క అన్నారు. సమ్మె మొదలుపెట్టినవాళ్లే లైన్లో వెనకపడ్డారు. ఇట్లియాంగ్ 1971లో సంఘం నుంచి తప్పుకున్నాడు. ఆగే బలం సంపాదించడంలో సంఘం ఆరితేరింది, రోజూ పొద్దున్నే ఆఫీసు నడపడం దానికి చేతకాలేదు. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు. కాని ఒప్పందం అమలయిన తీరు చూడకుండా ఒప్పందాన్ని పొగడకండి.

1973లో ద్రాక్ష ఒప్పందాల గడువు తీరగానే యజమానుల్లో చాలామంది టీమ్‌స్టర్స్ అనే వేరే యూనియన్‌తో సంతకాలు చేసుకున్నారు. కూలీల ఓటు లేదు, అడగడమూ లేదు. ఆ వేసవిలో సుమారు 3,500 మంది అరెస్టయ్యారు. యెమెన్ నుంచి వచ్చిన నాగి దైఫుల్లా, పికెటింగ్‌లో నిలబడ్డ హువాన్ దె లా క్రూజ్ ఒకే ఆగస్టు నెలలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. చేతిలో మిగిలిన ఒప్పందాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఈ దెబ్బ తర్వాతే చట్టం వచ్చింది. 1975లో కాలిఫోర్నియా వ్యవసాయ కార్మిక సంబంధాల చట్టం. మీకు వీలైతే దాని పాఠం చదవండి, అది పంటకాలం తెలిసినవాళ్లు రాసిన చట్టం అని తెలిసిపోతుంది. కూలీలు అర్జీ పెట్టిన ఏడు రోజుల్లో రహస్య ఓటింగ్ జరగాలి, సమ్మె నడుస్తుంటే 48 గంటల్లో. పని ఉచ్చస్థితిలో ఉన్నప్పుడే ఓటు పెట్టాలి, కోత అయిపోయి మనుషులు వెళ్లిపోయాక పెడితే చెల్లదు. ఫ్యాక్టరీ చట్టాల్లో నెలల తరబడి సాగదీసే వీలున్న చోట ఇక్కడ రోజుల లెక్క. సంఘం మనుషులు పనికి ముందు, భోజనం వేళ, పని తర్వాత తోటలోకి వచ్చి మాట్లాడవచ్చని అప్పుడే ఒక నిబంధన కూడా వచ్చింది. దాన్ని 2021లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది.

చట్టం వచ్చిన 1975లోనే ఇంకో చిన్న గెలుపు ఉంది. లెట్యూస్ అనే ఆకుకూర, బీట్ సాళ్లలో కలుపు తీయడానికి, మొక్కలు పలచన చేయడానికి మూరెడు కూడా లేని పిడి ఉన్న పార ఇచ్చేవారు. దాంతో పని చెయ్యాలంటే నడుము రెండుగా వంచి రోజంతా అలాగే నడవాలి. పొడవు పిడి పెడితే పని పాడవుతుందని యజమానులు వాదించారు. అసలు సౌకర్యం వేరే. మేస్త్రీ దూరం నుంచి ఒక్క చూపు చూస్తే నిలబడ్డవాడు ఎవడో తెలిసిపోతుంది, నిలబడితే పని ఆపినట్టే. పేదలకు ఉచితంగా కేసులు వాదించే లాయర్లు డాక్టర్ల సాక్ష్యాలతో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1975లో ఆ పార పోయింది. మీరు ప్రొజెక్టర్ మీద ఒక బొమ్మే చూపించగలిగితే దీక్ష ఫొటో మానేసి ఆ పార ఫొటో చూపించండి.

ఇంత చట్టం ఉండి కూడా సంఘం ఎందుకు చిక్కిపోయింది? 1970ల చివర్లో ఎన్నో ఏళ్లు పనిచేసిన వాలంటీర్లను, లాయర్లను బయటికి పంపేశారు. 1981లో సాలినాస్ కూలీలు ఎన్నుకున్న ప్రతినిధులు సంఘం పాలకవర్గంలో తమవాళ్లూ ఉండాలన్నందుకు వాళ్లనూ తొలగించారు. 1983లో వచ్చిన గవర్నరు చట్టాన్ని అమలుచేసే బోర్డుకు నిధులు కోశాడు. యజమానులు నేరుగా కూలీలను పెట్టుకోవడం తగ్గించి కాంట్రాక్టర్ల వైపు మళ్లారు. మీ సార్ ఏ ఒక్క కారణం చెప్పమన్నా చెప్పకండి. కాని నాయకుడి చుట్టూ రాసిన పేపరుకు ఈ భాగం ఎప్పుడూ ఇబ్బందే అని గమనించండి. గెలుపంతా ఆయనదే అయితే ఓటమి కూడా ఆయనదే అనాల్సి వస్తుంది. రెండూ సగం నిజాలే.

ఫ్లోరిడా గురించి రెండు ముక్కలు చేర్చండి. ఇమ్మోకలీ టమాటా కూలీలకు కాలిఫోర్నియా లాంటి చట్టం లేదు. 32 పౌండ్ల బకెట్టు లెక్కన కూలి. మేస్త్రీ బకెట్టును అంచు దాటి కుప్ప పోయమనేవాడు, పైన పోసినదానికి డబ్బు రాదు. 1993 నుంచి వాళ్లు కలవడం మొదలుపెట్టారు, సమ్మెలూ చేశారు. యజమానిని అడిగితే కొనేవాళ్లే ధర నొక్కేస్తున్నారనేవాడు. అయితే కొనేవాళ్లనే అడుగుదామని 2001లో టాకో బెల్ హోటళ్లను బహిష్కరించమన్నారు. 2005లో ఆ కంపెనీ పౌండుకు ఒక్క సెంటు ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకుంది. తర్వాత మెక్‌డొనాల్డ్స్, వాల్‌మార్ట్ లాంటివి వచ్చాయి. 2011 నుంచి ఒప్పందం ఉన్న తోటల్లో బకెట్టు అంచు వరకే నింపాలి. వేధింపులు జరిగి సరిదిద్దని తోట సరుకు ఆ కంపెనీలు కొనవు. యజమాని ఎన్నాళ్లు ఆగగలడన్న లెక్కను ఇంత సూటిగా తిప్పినవాళ్లు తక్కువ.

ఇప్పుడు మీ సార్ సంగతి. ఆయనతో వాదన పెట్టుకోకండి. మొదటి పేజీలో ఆయన చెప్పిన కథే మూడు వాక్యాల్లో రాయండి, నాలుగో వాక్యంలో ‘దీక్ష మొదలయ్యేసరికి సమ్మెకు రెండున్నరేళ్లు’ అనండి. మిగతా పేపరు ఆయనే చదివిస్తారు. సంవత్సరాల వరసలో రాస్తే మీకు టెన్షన్ తగ్గుతుంది, తేదీలే దారి చూపిస్తాయి. టైము చాలదనిపిస్తే 1933 సమ్మెను రెండు వాక్యాలకు కుదించండి, హవాయిని ఫుట్‌నోట్‌లోకి నెట్టండి. ఫ్లోరిడాను చర్చలో ఎవరైనా అడిగితే చెప్పడానికి దాచుకోండి. ఆక్స్‌నార్డ్ కార్యదర్శి రాసిన జవాబును మాత్రం ఎంత టైము తక్కువైనా తియ్యకండి.